గేమ్ 163 మళ్లీ పెట్టండి

మేజర్ లీగ్ బేస్‌బాల్‌లో సీజన్ ముగిసేసరికి రెండు జట్లు సమానంగా నిలిస్తే ఇప్పుడు మ్యాచ్ పెట్టరు. ఆ ఏడాది ఆ రెండు జట్లూ ఒకదానితో ఒకటి ఆడిన ఆటల్లో ఎవరిది పైచేయో చూస్తారు. వాళ్లు ముందుకి, రెండోవాళ్లు ఇంటికి. ప్లేఆఫ్‌లకి వెళ్లే జట్లని పన్నెండుకి పెంచిన 2022లో వచ్చిన మార్పు ఇది. అంతకుముందు ఇలాంటప్పుడు ఇంకో ఆట ఆడించేవాళ్లు. మామూలు సీజన్‌లో 162 ఆటలు కాబట్టి దాని పేరే గేమ్ 163.

2024లో న్యూయార్క్ మెట్స్, అట్లాంటా బ్రేవ్స్, అరిజోనా డైమండ్‌బ్యాక్స్ మూడూ 89 గెలుపులతో ముగించాయి. మిగిలిన రెండు ఆటలు మెట్స్, బ్రేవ్స్ ఒకే రోజు ఆడి చెరొకటి గెలిచాయి. ఆ రోజు అరిజోనాకి ఆటే లేదు, అయినా అదే రోజు వాళ్ల సీజన్ అయిపోయింది. 2025లో మెట్స్‌కీ అదే జరిగింది. సిన్సినాటి రెడ్స్‌తో సమానంగా 83 గెలిచి, లెక్కలో వెనకబడి ఇంటికెళ్లారు.

ఇది నాకు మింగుడుపడదు. క్రికెట్ చూసేవాళ్లకి 2019 వరల్డ్ కప్ ఫైనల్ గుర్తుండే ఉంటుంది. మ్యాచ్ టై, సూపర్ ఓవర్ కూడా టై. ఆఖరికి బౌండరీలు లెక్కపెట్టి, 26 కొట్టిన ఇంగ్లండ్‌కి కప్పు ఇచ్చి 17 కొట్టిన న్యూజీలాండ్‌ని పక్కన నిలబెట్టారు. ఆ రాత్రి ఎంతమంది కడుపు మండిందో మీకు తెలుసు. క్రికెట్‌వాళ్లు కొన్ని నెలల్లోనే ఆ రూల్ మార్చి, తేలేదాకా సూపర్ ఓవర్లు ఆడాల్సిందే అన్నారు. బేస్‌బాల్ దగ్గర ఆ మంచి పద్ధతి ముందునుంచే ఉంది. ఉన్నదాన్ని చేజేతులా వదులుకున్నారు.

2009 అక్టోబర్ 6 సాయంత్రం మినియాపొలిస్ మెట్రోడోమ్‌లో కూర్చుని మిన్నెసోటా ట్విన్స్, డెట్రాయిట్ టైగర్స్ పన్నెండు ఇన్నింగ్స్ ఆడటం చూశాను. మామూలుగా తొమ్మిదే ఆడతారు. అది చూశాక లెక్కలతో తేల్చే పద్ధతిని ఒప్పుకోవడం నా వల్ల కాదు.

ఆ ఆట దాకా రావడమే ఒక కథ. సెప్టెంబర్ మొదటి వారంలో టైగర్స్ మా ట్విన్స్ కంటే ఏడు ఆటలు ముందున్నారు. మా జస్టిన్ మోర్నో వెన్నెముకలో చీలికతో సీజన్ మొత్తానికే దూరమయ్యాడు. ఆఫీసులో అందరూ అప్పటికే ఫుట్‌బాల్ మాటల్లో పడిపోయారు. నాలుగు ఆటలు మిగిలి ఉండగా కూడా టైగర్స్ మూడు ఆటల ఆధిక్యంలో ఉన్నారు. అంత తక్కువ ఆటలు మిగిలాక అంత ఆధిక్యం పోగొట్టుకున్న జట్టు చరిత్రలో అప్పటిదాకా లేదు. వాళ్లు పోగొట్టుకున్నారు. మావాళ్లు గెలుస్తూనే పోయారు. ఆదివారం సాయంత్రానికి రెండు జట్లూ 86 గెలుపులు, 76 ఓటములు.

మామూలుగా అయితే మర్నాడు సోమవారమే ఆడించాలి. కానీ సోమవారం రాత్రి అదే మెట్రోడోమ్‌లో మా ఊరి అమెరికన్ ఫుట్‌బాల్ జట్టు వైకింగ్స్‌కి గ్రీన్ బే ప్యాకర్స్‌తో మ్యాచ్ ఉంది. బ్రెట్ ఫావ్ తన పాత జట్టు మీద మొదటిసారి ఆడే మ్యాచ్, దేశమంతా దాని కోసం కాచుకుని ఉంది. అందుకని మా ఆట మంగళవారానికి జరిగింది.

నా పక్క సీటులో మా ఆఫీసులో పనిచేసే ఒక పెద్దావిడ. నాకు బేస్‌బాల్ నేర్పింది ఆవిడే. ఒళ్లో స్కోర్ కార్డు, చేతిలో పెన్సిలు. ప్రతి బ్యాటర్‌కీ ఒక గడి, ఒక్కో ఫీల్డర్‌కి ఒక్కో నంబరు. స్ట్రైక్ ఔట్, అంటే మూడు స్ట్రైకులతో బ్యాటర్ ఔటైతే, ఆ గడిలో కే అక్షరం. బ్యాట్ కదపకుండా నిలబడి ఔటైతే ఆ అక్షరాన్నే తిరగేసి రాస్తారు. కార్డు చూసి ఆట మొత్తం మళ్లీ చెప్పగలిగేది ఆవిడ. అంతకుముందు ఏడాది, 2008లో, ట్విన్స్ ఇలాంటి ఆటే షికాగోలో ఆడి 1-0తో ఓడిపోయారు. హోమ్ ప్లేట్ (రన్నర్ చేరితే పరుగు వచ్చే ఆఖరి బేస్) దగ్గర మా మైకేల్ కడాయర్‌ని ఔట్ చేయడానికి కెన్ గ్రిఫీ జూనియర్ విసిరిన త్రో సంగతి తలుచుకుంటే ఆవిడకి ఏడాది తర్వాత కూడా బాధే. ఆ ఆట ఎక్కడ ఆడాలో నాణెం ఎగరేసి తేల్చారు. ముఖాముఖి ఆటల్లో ఆ ఏడాది మాదే పైచేయి అయినా వెళ్లాల్సింది మేమే అయింది. అందుకే 2009లో రూల్ మార్చి, ముఖాముఖిలో ముందున్న జట్టు ఊళ్లో ఆట పెట్టారు. డెట్రాయిట్ మీద మేము 11-7. ఈ సంఖ్య గుర్తుపెట్టుకోండి, దీనితో పని ఉంది.

ఆ రోజు లోపల 54,088 మంది ఉన్నారు. మెట్రోడోమ్ పైకప్పు గాలి ఒత్తిడితో నిలబడే తెల్లటి గుడ్డ లాంటిది. అరిస్తే ఆ శబ్దం ఎక్కడికీ పోదు, పైకెళ్లి మళ్లీ మన మీదే పడుతుంది. అందరి చేతుల్లో హోమర్ హ్యాంకీలు. 1987 నుంచి ఇక్కడ అభిమానులు ఊపే తెల్ల చేతిరుమాళ్లవి. యాభై వేల చేతిరుమాళ్లు ఒక్కసారి ఊగితే ఎదురుగా జనం కనబడరు, తెలుపే కనబడుతుంది.

మొదట్లో ఊపడానికేమీ లేదు. మూడో ఇన్నింగ్స్‌లో మిగెల్ కబ్రేరా కొట్టిన హోమ్ రన్‌తో (క్రికెట్‌లో సిక్సర్ లాంటిది) డెట్రాయిట్ 3-0. వాళ్ల పిచర్, అంటే బంతి వేసే ఆటగాడు, రిక్ పోర్సెలోకి ఇరవై ఏళ్లు. అంత గోలలో ఆ కుర్రాడు చెక్కుచెదరకుండా వేస్తుంటే నాకు ఒకపక్క భయం, ఒకపక్క ముచ్చట. మావాళ్లు మెల్లగా అందుకున్నారు. బేస్ దగ్గరి రన్నర్‌ని పట్టుకోబోయి పోర్సెలో విసిరిన బంతి దారితప్పి ఒక పరుగు వచ్చింది. ఆరో ఇన్నింగ్స్‌లో జేసన్ క్యూబెల్ హోమ్ రన్‌తో ఇంకొకటి. ఏడులో మా ఒర్లాండో కబ్రేరా కొట్టిన బంతి ఎడమవైపు స్టాండ్స్‌లోకి వెళ్లింది, రెండు పరుగులు, మేము 4-3. ఈ కబ్రేరా 2008లో షికాగో వైపు ఆడి మమ్మల్ని ఇంటికి పంపిన జట్టులో ఉన్నవాడు. ఆ వేసవిలోనే మాకు వచ్చాడు. ఆవిడ అంత గోలలోనూ నా చెవి దగ్గరికి వంగి, "పోయినేడు తీసుకున్నది తిరిగిచ్చేశాడు" అంది.

ఎనిమిదిలో మాగ్లియో ఒర్డోన్యెజ్ హోమ్ రన్ కొట్టి 4-4 చేశాడు. తొమ్మిదిలో డెట్రాయిట్ రన్నర్లు మొదటి బేస్, మూడో బేస్ మీద ఉన్నారు, ఒక్క ఔట్ కూడా లేదు. ఒక మంచి దెబ్బ పడితే చాలు. మా పిచర్ జో నేథన్ వేసిన బంతికి డెట్రాయిట్ బ్యాటర్ పొలాంకో బ్యాట్ కదపకుండా నిలబడిపోయాడు. ఆవిడ తిరగేసిన కే రాసింది, పెన్సిలు ముల్లు విరిగేంత గట్టిగా. తర్వాత ఒర్డోన్యెజ్ బలంగా కొట్టిన బంతి నేరుగా మా ఒర్లాండో కబ్రేరా చేతుల్లో పడింది. అతను వెంటనే మొదటి బేస్‌కి విసిరి, ముందుకి కదిలిన గ్రాండర్సన్‌ని కూడా ఔట్ చేశాడు. అలాంటి చోటు నుంచి పరుగు ఇవ్వకుండా బయటపడటం నేను అంతకుముందు చూడలేదు.

పదో ఇన్నింగ్స్‌లో బ్రాండన్ ఇంజ్ కొట్టిన డబుల్‌తో (రెండో బేస్ దాకా చేర్చే దెబ్బ) డెట్రాయిట్ 5-4. డోమ్ చల్లబడిపోయింది. మా ముందు వరసలో టైగర్స్ టోపీ పెట్టుకున్న ఒకాయన లేచి, చుట్టూ ఉన్న మమ్మల్ని చూసి, మళ్లీ కూర్చుని రెండు చేతులతో మోకాళ్లు గట్టిగా పట్టుకున్నాడు. తెల్లవారుజామున మిషిగన్ నుంచి కారులో బయల్దేరాడట. ఆ ఏడాదే డెట్రాయిట్ కార్ల కంపెనీలు క్రైస్లర్, జనరల్ మోటార్స్ రెండూ దివాలా తీశాయి. ఆ ఊరికి ఆ సంవత్సరం టైగర్స్ అంటే ఎంతో ఆయన ముఖంలో కనబడింది.

మా వంతు వచ్చింది. కడాయర్ ఎడమవైపు గాల్లోకి కొట్టాడు. డెట్రాయిట్ ఫీల్డర్ రయన్ రేబర్న్ దాని కోసం డైవ్ చేశాడు. ఆగి ఆడి ఉంటే అది సింగిల్. దొరక్కపోయేసరికి బంతి ఆయన్ని దాటి వెనక్కి దొర్లింది, కడాయర్ మూడో బేస్ దాకా వెళ్లిపోయాడు. మేము కూర్చున్నది ఎడమవైపు పై అంతస్తులో, రేబర్న్ నేల మీంచి లేచి వెనక్కి పరుగెత్తడం మా కళ్ల కిందే జరిగింది. తర్వాత మ్యాట్ టోల్బర్ట్ మధ్యలోంచి కొట్టాడు, 5-5. టోల్బర్ట్ కొట్టేటప్పటికి బేస్ మీదున్న అలెక్సి కసీయా మూడో బేస్‌కి చేరాడు. కసీయాని పరుగెత్తడం కోసమే అప్పుడు దింపారు.

ఇక్కడ కాస్త నెమ్మదిగా చెప్పాలి. కసీయా హోమ్ ప్లేట్ చేరితే ఆట మాది. నిక్ పుంటో ఎడమవైపు కొట్టాడు. అక్కడ మళ్లీ రేబర్నే. క్యాచ్ పట్టాక రన్నర్ పరుగెత్తవచ్చు, కాకపోతే బంతి చేతిలో పడేవరకు కాలు బేస్ మీదే ఉండాలి. కసీయా ముందే ఒకట్రెండు అడుగులు బయటికి వచ్చేశాడు. వెనక్కి వెళ్లి బేస్ తొక్కి బయల్దేరాల్సి వచ్చింది. ఆ కాస్త ఆలస్యం చాలు. రేబర్న్ త్రో సూటిగా వచ్చింది, క్యాచర్ లెయర్డ్ హోమ్ ప్లేట్ దగ్గర కసీయాని ఔట్ చేశాడు. కొద్ది నిమిషాల ముందు డైవ్ చేసి ఆట చేజార్చబోయిన రేబర్నే, అదే ఇన్నింగ్స్‌లో, ఆ ఆటని నిలబెట్టాడు.

నా చుట్టూ ఉన్నవాళ్లు కసీయాని అన్న మాటలు ఇక్కడ రాయలేను. ఆ ఏడాది అతని బ్యాటింగ్ సగటు 0.200 చుట్టుపక్కల ఉంది, అంటే అట్టడుగు. మధ్యలో చిన్న లీగ్‌లకి కూడా పంపారు. కోపానికి అవన్నీ ఆజ్యం. వెనక వరసలో ఒకతను చేతిరుమాలు నేలకేసి కొట్టి, "ఇంక వీణ్ని ఈ ఊళ్లో చూడకూడదు" అన్నాడు. మా పెద్దావిడ ఏమీ అనలేదు. రేబర్న్ నంబరు, క్యాచర్ నంబరు రాసి, తర్వాతి ఇన్నింగ్స్ కోసం మార్జిన్‌లో గీతలు గీసింది. కార్డులో గడులు అయిపోయాయి.

పన్నెండో ఇన్నింగ్స్. డెట్రాయిట్‌కి బేస్‌లు మూడూ నిండాయి, ఒక ఔట్, బ్యాటింగ్ ఇంజ్‌ది, మా పిచర్ బాబీ కెపెల్. బంతి ఇంజ్ మీదికి వచ్చింది. ఒంటికి గానీ బట్టకి గానీ బంతి తగిలితే బ్యాటర్‌కి మొదటి బేస్ ఇస్తారు. బేస్‌లు నిండి ఉన్నాయి కాబట్టి పరుగు వచ్చేస్తుంది. ఇంజ్ తగిలిందని చొక్కా చూపించాడు, అంపైర్ ఒప్పుకోలేదు. ముందు వరస టైగర్స్ అభిమాని నిలబడి తన చొక్కా తనే పట్టుకుని ఊపుతున్నాడు. మాకు పైనుంచి ఏమీ తెలియలేదు. ఇంతలో నా ఫోన్‌లో మా ఆయన నుంచి మెసేజ్: "చొక్కాకి తగిలింది. టీవీలో తిప్పి తిప్పి చూపిస్తున్నారు."

తర్వాతి క్షణాల్లోనే ఇంజ్ నేల మీదుగా కొట్టిన బంతిని పుంటో అందుకుని హోమ్ ప్లేట్‌కి విసిరాడు, మూడో బేస్ నుంచి వస్తున్న మిగెల్ కబ్రేరా ఔట్. లెయర్డ్ స్ట్రైక్ ఔట్. డోమ్ పేలిపోయింది. ముందాయన వెనక్కి తిరిగి నా చేతిలో ఫోన్ చూసి, తగిలిందా అని అడిగాడు. తగిలిందట అన్నాను. ఆయన తలూపి ముందుకి తిరిగాడు. ఇప్పటి రోజుల్లో అయితే రీప్లే చూసి తీర్పు మార్చేవాళ్లు. అప్పట్లో రీప్లే హోమ్ రన్‌లకి మాత్రమే ఉండేది. మాకు దక్కకూడనిది ఒకటి దక్కింది, ట్విన్స్ అభిమానిగా ఇది ఒప్పుకోవాలి. మూడు రోజుల తర్వాత న్యూయార్క్‌లో యాంకీస్‌తో ఆటలో పదకొండో ఇన్నింగ్స్‌లో మా జో మావర్ కొట్టిన బంతి గీతకి లోపలే పడినా ఫౌల్, అంటే బయట పడింది, అన్నప్పుడు ఆ టైగర్స్ అభిమానే నాకు మనసులో మెదిలాడు.

పన్నెండో ఇన్నింగ్స్ మా వంతు. డెట్రాయిట్ పిచర్ ఫెర్నాండో రాడ్నీ ఇంకా బౌలింగ్ చేస్తూనే ఉన్నాడు. క్రికెట్ అలవాటు, పిచింగ్ అనాలి. కార్లోస్ గోమెజ్ సింగిల్. కడాయర్ ఔటైనా గోమెజ్ రెండో బేస్‌కి చేరాడు. డెల్మన్ యంగ్‌ని కావాలనే వదిలేసి మొదటి బేస్ ఇచ్చారు. ఎందుకంటే తర్వాత వచ్చేది కసీయా.

అతని పేరు చెప్పగానే డోమ్‌లో ఒక నిట్టూర్పు. అది నాకు స్పష్టంగా వినిపించింది. కానీ ఆ నిట్టూర్పు వెంటనే చప్పట్లు మొదలయ్యాయి. ఎవరు మొదలుపెట్టారో తెలియదు. రెండు ఇన్నింగ్స్ ముందు తిట్టిన నోళ్లే ఇప్పుడు అతని పేరు పట్టి అరుస్తున్నాయి. వేరే దారి లేదు మరి. ఆ క్షణంలో మాకున్నది అతనొక్కడే. మా పెద్దావిడ పెన్సిలు కింద పెట్టేసింది. నాకు తెలిసి ఆట నడుస్తుండగా ఆవిడ అలా చేయడం అదే మొదలు.

బంతి కుడివైపు నేల మీదుగా మొదటి, రెండో బేస్‌ల మధ్యలోంచి దూరి బయటికి వెళ్లింది. గోమెజ్ మూడో బేస్ చుట్టి ఆగకుండా వచ్చేశాడు. 6-5. మొత్తం 4 గంటల 37 నిమిషాల ఆట.

తర్వాత ఏం జరిగిందో వరసగా చెప్పలేను. వెనకాయన, ఇందాక రుమాలు నేలకేసి కొట్టినాయన, కసీయా కసీయా అని అరుస్తూ నన్ను భుజాలు పట్టి ఊపేశాడు. ముక్కూ ముఖం తెలియనివాళ్లు కావలించుకున్నారు. ఆవిడ ఏడుస్తోంది. కళ్లజోడు తీసి, తుడిచి, పెట్టుకుని, ఆ గోలలోనే కిందికి వంగి పెన్సిలు వెతుక్కుని ఆఖరి గడి నింపింది. ముందాయన టోపీ తీసి మా వైపు తిరిగి చెయ్యి చాపాడు. మా వరసలో ఉన్నవాళ్లందరం ఒకరి తర్వాత ఒకరం ఆయన చెయ్యి పట్టుకున్నాం. ఎవరూ వెటకారంగా ఒక్క మాట అనలేదు. పన్నెండు ఇన్నింగ్స్ పక్కపక్కనే నలిగాక ఆ మాట ఎవరికీ నోరు రాదు.

మర్నాడే న్యూయార్క్‌లో యాంకీస్ మమ్మల్ని ఓడించారు. వరసగా మూడు ఆటలూ ఓడి బయటికొచ్చాం. ఆ సిరీస్ గురించి ఇక్కడ ఇప్పటికీ ఎవరూ పెద్దగా మాట్లాడరు. మంగళవారం ఆట గురించి మాత్రం అడగకపోయినా చెబుతారు. ఎక్కడ కూర్చున్నారో, కసీయా ఔటైనప్పుడు ఏమన్నారో, కొట్టినప్పుడు ఏమన్నారో.

ఇప్పుడు ఆ 11-7 దగ్గరికి వస్తాను. నేటి రూల్ 2009లో ఉండి ఉంటే ఆ సంఖ్య చూపించి ఆదివారం సాయంత్రమే డివిజన్ టైటిల్, అంటే లీగ్‌లో మా గ్రూపు టైటిల్, మా చేతిలో పెట్టేవాళ్లు. అంటే కొత్త రూల్ మా జట్టుకే లాభం. అయినా నాకు వద్దు. మే నెలలోనో జూలైలోనో ఎవరూ పట్టించుకోని ఒక సాయంత్రం గెలిచిన ఆట, అక్టోబర్‌లో డెట్రాయిట్‌ని ఇంటికి పంపడం నాకు న్యాయంగా అనిపించదు. కసీయాకి పదో ఇన్నింగ్సూ ఉండేది కాదు, పన్నెండోదీ ఉండేది కాదు. మిషిగన్ నుంచి వచ్చినాయన అంత దూరం కారు నడపాల్సిన పనే ఉండేది కాదు. కానీ ఓడిపోవడాన్ని తన కళ్లతో చూసే హక్కు ఆయనకుంది. లెక్కల్లో పోయిన జట్టు అభిమానికి ఆ కాస్త కూడా మిగలదు.

దీనికి జవాబుగా చెప్పేది ఒక్కటే: ప్లేఆఫ్‌లు పెద్దవయ్యాయి, క్యాలెండర్‌లో ఖాళీ రోజు లేదు. నేను నమ్మను. 2009లో సోమవారం రాత్రి ఫుట్‌బాల్ అయిన మైదానాన్ని తెల్లారేసరికి బేస్‌బాల్‌కి తిప్పారు, మంగళవారం పన్నెండు ఇన్నింగ్స్ ఆడారు, బుధవారం న్యూయార్క్‌లో ఆట మొదలుపెట్టారు. ప్రతి ఏడాదీ వచ్చే పరిస్థితి కూడా కాదు ఇది. చివరిసారి గేమ్ 163లు జరిగింది 2018లో. లీగ్‌కీ ఆటగాళ్ల సంఘానికీ మధ్య 2022లో కుదిరిన ఒప్పందం గడువు 2026 డిసెంబర్ 1. కొత్తది రాసేటప్పుడు డబ్బు గురించి ఎంతైనా కొట్టుకోనివ్వండి, ఈ ఒక్క రోజు మాత్రం తిరిగి చేర్చమని లీగ్‌కి ఉత్తరం రాశాను. మీలో బేస్‌బాల్ చూసేవాళ్లుంటే మీరూ ఒకటి రాయండి.